అంటడం, పట్టడం, అతకడం

పంటి ఇంప్లాంట్ల మీద రోగులకిచ్చే ఒక కరపత్రాన్ని తెలుగులోకి తెస్తున్నాను. దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూకు ప్రొటీన్లూ కణాలూ ఎముకా అన్నీ ‘అతుక్కుంటాయి’ అని పాత ప్రతిలో ఉంది. నాకు మనసొప్పలేదు. అక్కడ జరిగేవి మూడు వేరు వేరు పనులు, వాటికి మనకు మూడు మాటలున్నాయి.

స్క్రూ బిగించగానే ముందు నెత్తురు తగులుతుంది. క్షణాల్లో ప్రొటీన్లు దాని పైపొరను కప్పేస్తాయి. ఆ పొర కొద్ది నానోమీటర్ల మందం ఉన్న టైటానియం ఆక్సైడు. ఇది ‘అంటడం’. చేతికి పిండి అంటినట్టు పైపైనే ఉంటుంది, లోపలికి ఇంకదు. ముందు అంటిన ప్రొటీను ఊడి మరొకదానికి చోటివ్వడమూ ఉంది. దీనికి శాస్త్రపదం ‘అధిశోషణం’ (adsorption), అది పాఠ్యపుస్తకానికి సరే. రోగికి మాత్రం అందులో పీల్చుకోవడమే వినిపిస్తుంది.

కణాలు తర్వాత వస్తాయి. అవి ముఖ్యంగా లోహాన్ని కాదు, దానికి అంటిన ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రొటీన్లను, తమ పైపొరలో ఉండే ఇంటిగ్రిన్లనే ప్రొటీన్లతో పట్టుకుంటాయి. కాబట్టి ‘పట్టడం’. నున్నటి కాంక్రీటు గోడకు మేస్త్రీ ముందు గాట్లు కొడతాడు, అప్పుడే సిమెంటు పట్టేది. స్క్రూనూ అలాగే సన్నని రేణువులు చిమ్మి, ఆమ్లంలో ముంచి గరుకు చేస్తారు. గరుకుతోనే పని అయిపోదు, పైపొరకు తడి కూడా పట్టాలి. గాలిలో నిల్వ ఉన్న టైటానియం మీద కర్బన మలినాలు పేరుకుంటాయి. అప్పుడు దానిమీద నీటిబొట్టు పరుచుకోకుండా గుండ్రంగా నిలుస్తుంది. అచ్చం తామరాకు మీద నీటిబొట్టే! అతినీలలోహిత కాంతి సోకాక అదే బొట్టు పలచగా పరుచుకుంటుంది. మన జాతీయం ఇంత కచ్చితంగా సరిపోవడం చూసి ఒళ్ళు పులకరించింది.

చివరిది ఎముక. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం తిరిగి ఊడి రాలేదు. ఎముక లోహంతో నేరుగా కలిసిపోవడాన్ని చెప్పే ‘ఆసియోఇంటిగ్రేషన్’ అన్న మాట వెనక ఉన్నది ఆ పరిశీలనే. విరిగిన ఎముక ‘అతికింది’ అంటాం కదా, ఇక్కడా అదే క్రియ వాడతాను.

ఒక పాఠకుల ప్రశ్న: మామిడి అంటులా ‘ఎముక అంటు’ అంటే బాగుండదా? ‘అతుకు’ అంటే అతుకుల బొంత గుర్తొస్తోంది.

నా జవాబు: అంటు కట్టిన చోట రెండు కొమ్మలకూ ప్రాణముంటుంది, ఇక్కడ ఒకదానికే ఉంది. పైగా దవడలో లోహం పెట్టించుకునేవారికి ‘అంటు’ అనగానే వ్యాధి తోస్తుంది. బొంత సంగతి మాత్రం మీరన్నది నిజం. అందుకే ‘అతుకు’ అన్న నామవాచకం తీసేసి, ‘మూడు నెలల్లో ఎముక అతికిందో లేదో చూస్తారు’ అని క్రియగానే రాశాను.