57 అడుగుల పాత నారోబోట్: కొనేముందు ఏం చూడాలి?

తుంగపాయ
ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర, 1998లో కట్టిన 57 అడుగుల నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) బేరంలో ఉంది. 10/6/4 స్టీలు. నాలుగేళ్ల కిందటి సర్వే (పడవ తనిఖీ నివేదిక), ఇంకా ఏడాది గడువున్న బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ చూపిస్తున్నారు. ఇవి సరిపోతాయా? ఏడాది పొడుగునా అందులోనే ఉండాలని ఆలోచన.

గట్టుమీద_కాకి
సరిపోవండి. ఆ సర్టిఫికెట్ గ్యాసు, కరెంటు, డీజిలు, నిప్పు వరకే చూస్తుంది. నీటి కింద రేకు ఎంత మిగిలిందో దానికి అక్కర్లేదు. పాత సర్వేలో తప్పుంటే ఆ సర్వేయర్ మీకు జవాబుదారీ కూడా కాడు. మీ పేరు మీద కొత్తది చేయించండి. పడవను పైకి తీసి, అడుగు కడిగి, తుప్పు పట్టకుండా పూసిన తారును అక్కడక్కడ గీకి అల్ట్రాసోనిక్ గేజీతో మందం కొలవాలి.

10/6/4 అంటే అడుగు పలక 10 మి.మీ., పక్కలు 6, క్యాబిన్ 4. అది కట్టిన నాటి లెక్క. నీటి కింద ఎక్కడైనా 4 కంటే తగ్గితే చాలా ఇన్సూరెన్సు కంపెనీలు పేచీ పెడతాయి. సగటు అంకె చూసి మురిసిపోకండి, గుంటల లోతు ఎంతో అడగండి. నీటిగీత వెంబడి, అడుగు పలక పక్క పలకను కలిసే వెల్డు దగ్గర తుప్పు ముందు తింటుంది. అరిగిన రేకు మీద కొత్త పలక అతికిస్తే బరువు పెరిగి పడవ కిందికి దిగుతుంది, సింకు డ్రెయిన్ రంధ్రాలు నీటికి దగ్గరవుతాయి.

పొడవు మాత్రం మంచి కొలత. దాదాపు అన్ని లాకుల్లోనూ (కాలువలో నీటిమట్టం మారేచోట పడవను ఎత్తి దించే గేట్ల గదులు) పడుతుంది.

రాగితీగ
ఆ గుంటలకు చాలాసార్లు మూలం మెరీనాలో (పడవలు కట్టేసే రేవు) ఒడ్డు నుంచి తీసుకునే కరెంటే. ఎర్త్ తీగ ద్వారా మీ పడవ, పక్క పడవలు కలిసి నీళ్లలో ఒక బ్యాటరీ అయిపోతాయి. దాన్ని అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటర్ ఉందో లేదో చూడండి. పడవ ఇనుముకు బదులు తాము కరిగిపోయే ఆనోడ్లు కూడా ఉండాలి: మంచినీటికి మెగ్నీషియం, జింకు సముద్రానికి. తారు రెండు మూడేళ్లకోసారి వేయాలి. ఎపాక్సీ పెయింటు ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ పాత తారు మీద పట్టదు, ఇనుము తేలేదాకా బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రవ్వ వేగంగా విసిరి గీకడం) చేయించాలి.

పులిహోర_కెప్టెన్
మిక్సీ, రైస్ కుక్కర్ సంగతేంటి అన్నా?

రాగితీగ
750 వాట్ల మిక్సీ 12 వోల్టుల మీద 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. కానీ రెండు నిమిషాల పచ్చడికి రెండున్నర ఆంపియర్ అవర్లు దాటదు. మొదలయ్యేటప్పటి ఊపుకు తట్టుకునే ప్యూర్ సైన్ ఇన్వర్టర్, పొట్టి లావు కేబుల్ పెట్టు. రైస్ కుక్కర్ అరగంట నడిస్తే ముప్పై పైనే. 110 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే, డిసెంబరులో సోలార్ పేరుకే. అన్నం గ్యాసు మీద వండుకో. ఎర్ర సిలిండర్ ప్రొపేన్ తీసుకో, నీలం సిలిండర్ బ్యూటేన్ గడ్డకట్టే చలిలో ఆవిరి కాదు. లిథియం బ్యాటరీ వేస్తే ఆల్టర్నేటర్‌కు (ఇంజిన్ మీద కరెంటు పుట్టించేది) నేరుగా కలపొద్దు, మాడిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి.

గట్టుమీద_కాకి
కుక్కర్ ఆవిరికి కిటికీలన్నీ చెమట పడతాయి. అయినా గాలి కన్నాలు మూయకండి, కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. అలారం తప్పనిసరి.

తుంగపాయ
మూరింగ్ (పడవ కట్టేసుకునే సొంత చోటు) లేకుండా శనాదివారాల్లో ఐదు మైళ్లు ముందుకెళ్లి వెనక్కొస్తే కుదరదా?

రేవుకాడ
కుదరదు. 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు, పైగా నిజంగా ప్రయాణం చేస్తుండాలి. ఏడాదిలో 20 మైళ్ల పరిధి కూడా తిరగకపోతే ఒప్పుకోవడం కష్టమని కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్టే చెప్తుంది. 2024 ఏప్రిల్ నుంచి సొంత మూరింగ్ లేకుండా తిరిగే పడవల లైసెన్సుకు అదనపు రుసుము కూడా ఉంది. లీజర్ (సరదా వాడకానికి ఇచ్చే) మూరింగ్‌లో కాపురం పెట్టనివ్వరు, రెసిడెన్షియల్ (కాపురానికి ఇచ్చేది) దొరకడం గగనం. పడవతో పాటు లైసెన్సు రాదు, మూరింగ్ కూడా వస్తుందనుకోకండి. చోటు ఖాయమయ్యాకే డబ్బు కట్టండి. చిరునామా రుజువు లేకపోయినా జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర నమోదవచ్చు. బ్యాంకుతోనే తంటా.

పులిహోర_కెప్టెన్
చూడ్డానికి వెళ్లినప్పుడు వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న చెత్త తీసే మూత) కూడా తీయించి చూడాలా?

గట్టుమీద_కాకి
తప్పకుండా. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. మూత రబ్బరు పగిలితే, బిగింపు సరిగా లేకపోతే ప్రొపెల్లర్ నీళ్లను ఇంజిన్ గదిలోకి ఎత్తిపోస్తుంది. పడవలు మునిగే దారుల్లో అదొకటి.

తుంగపాయ
ధన్యవాదాలు. డిపాజిట్ కట్టేటప్పుడు ఒప్పందంలో ఏం రాయించాలి?

రేవుకాడ
సర్వేకు లోబడి కొంటున్నామని, మందం ఫలానా అంకె కంటే తగ్గితే డిపాజిట్ వాపసు అని అంకెతో సహా రాయించండి. పైకి తీసే క్రేన్ ఖర్చు మామూలుగా కొనేవాళ్లదే.