అప్‌డేట్: గొలుసు బ్యాంకులో పెట్టి కార్డు బాకీ తీర్చేశాం

మూడు నెలల క్రితం అడిగాను కదా, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ పనులు తగ్గి మా వారి జీతం 28,000 నుంచి 19,000కి పడిపోయిందని, క్రెడిట్ కార్డు బాకీ 64,000 ఎలా తీర్చాలని. చాలామంది గొలుసు తాకట్టు పెట్టమన్నారు. అది పెళ్లికి అత్తయ్య పెట్టింది. వారం రోజులు నిద్ర పట్టలేదు.

చివరికి పిల్లాడి నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేశాం. కార్డుకు నెలకు మూడున్నర శాతం, అంటే వడ్డీయే 2,240. దాని మీద జీఎస్టీ వేరే. గోల్డ్ లోన్‌కు ఏడాదికి 9 శాతం, నెలకు 480. ఇన్నాళ్లూ మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే మొత్తం, కడితే చాలనుకున్నాం, అసలు బాకీ కదల్లేదు. ఆ రెండు అంకెలూ చూసి అత్తయ్యే బీరువా తాళం నా చేతిలో పెట్టారు.

చీటీ ఆపలేదు, ఇంకా నాలుగు వాయిదాలే. కూరలు పటమట రైతు బజారులోనే. ట్యూషన్ మాత్రం మానిపించలేదు, అది మానిపిస్తే వాడికి అన్యాయం చేసినట్టే.

జీతం ఇంకా పెరగలేదు. కానీ ఒకటో తారీఖంటే ఉండే టెన్షన్ తగ్గింది. చీటీ డబ్బు చేతికి రాగానే ముందు గొలుసు విడిపిస్తాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.