66 మస్టాంగ్ అమ్మాలి, సలహా కావాలి

కొలంబస్ నుంచి:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి రెండేళ్లు కాలేదు, అప్పుడే ఒక పిచ్చి పని చేశాను. మా వీధి చివర ఒక పెద్దాయన గ్యారేజీలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ చూసి మనసు పారేసుకుని కొనేశాను. ఎర్ర రంగు, హార్డ్‌టాప్ (మడవలేని రేకు పైకప్పు), 289 ఘన అంగుళాల వి8 ఇంజను. ఆదివారాలు బయటికి తీస్తాను, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఇప్పుడు ప్రాజెక్టు సియాటిల్‌కి మారింది. అక్కడ దీన్ని పెట్టుకునే చోటు లేదు, అమ్మక తప్పదు.

మొన్న ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి "నైస్ డ్రైవర్" అన్నాడు. నా డ్రైవింగ్‌ను మెచ్చుకున్నాడనుకుని థాంక్స్ కూడా చెప్పాను. కారు గురించి అన్నాడని తర్వాత తెలిసింది. 16,000 డాలర్లు ఇస్తానన్నాడు. నెట్‌లో చూస్తే మస్టాంగులు 40,000కి కూడా కనిపిస్తున్నాయి. ఎంత అడగాలి? కాగితాల పని ఎలా? టెన్షన్‌గా ఉంది.

డేటన్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. పాత కార్లకు ఇన్సూరెన్సు చేసే హేగర్టీ వాళ్ల ధరల పట్టికలో పాత కార్లకు నాలుగు మెట్లుంటాయి. 1 అంటే ప్రదర్శనకు తప్ప రోడ్డెక్కనిది. 2 దానికి కాస్త కింద. 3 అంటే హాయిగా నడుస్తుంది, దగ్గరికెళ్తే లోపాలు కనిపిస్తాయి. 4 సంగతి దూరం నుంచే తెలిసిపోతుంది. డ్రైవర్ అంటే ఆ 3. పదడుగుల దూరంలో పెళ్లికొడుకు, రెండడుగుల్లో మామూలు మనిషి. అది తిట్టేం కాదు. ఎండకూ వానకూ భయపడకుండా నడుపుకుందామనుకునేవాడికి కావలసింది అదే.

నువ్వు చూసిన 40,000వి బహుశా 2వ మెట్టువో, ఫాస్ట్‌బ్యాకులో (వెనక పైకప్పు ఏటవాలుగా దిగేవి), కన్వర్టిబుళ్లో (పైకప్పు మడిచేవి) అయ్యుంటాయి. పైగా అవి అడిగే ధరలు. అడగడానికేం, ఎంతైనా అడగొచ్చు. బ్రింగ్ ఎ ట్రైలర్ సైట్‌లో ముగిసిన వేలాల ధరలు కనిపిస్తాయి, అక్కడ హార్డ్‌టాప్, 289 ఇంజను, అదే గేరుబాక్సు ఉన్నవి మాత్రమే ఏరి చూడు. ప్రకటనలో "అరుదైన కారు" అని మాత్రం రాయకు. 1966 మోడల్ మస్టాంగులు ఫోర్డ్ ఆరు లక్షల పైచిలుకు తయారు చేసింది.

కారు నంబరు చూశావా? ప్లేటుది కాదు, ఫ్యాక్టరీలో కొట్టిన విఐఎన్. మొదటి అంకె 6 అంటే 1966. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ. 07 అంటే హార్డ్‌టాప్. దాని పక్కన ఉన్న అక్షరమే ధరను పైకీ కిందికీ లాగేది. టి అయితే ఆరు సిలిండర్లతో పుట్టిన కారు, వి8 ఎవరో తర్వాత ఎక్కించారన్నమాట. సి అయితే టూ బ్యారెల్ 289 (కార్బ్యురేటర్‌కి రెండు గొట్టాలు), ఎ అయితే ఫోర్ బ్యారెల్ (నాలుగు). కె అయితే అన్నిటికన్నా శక్తిమంతమైన 289, నాకు వెంటనే ఫోన్ చెయ్. ఈ నంబరు డ్రైవర్ డోరు రేకు మీద ఉంటుంది, బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి రేకు మీద కూడా కొట్టి ఉంటుంది. రెండూ కలవాలి, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మీదున్న నంబరుతోనూ కలవాలి. డోర్లు మార్చిన కార్లు బోలెడు. 17 అక్షరాల నంబర్లు 1981 నుంచే వచ్చాయి, కాబట్టి దీనికి కార్‌ఫ్యాక్స్ (కారు పాత చరిత్ర చెప్పే రిపోర్టు) దొరకదు. ఫోర్డ్ రికార్డుల నుంచి ఇచ్చే మార్టీ రిపోర్టు కూడా 1967 మోడళ్ల నుంచే. నీ దగ్గరున్న రసీదులే దీని జాతకం. పెద్దాయన ఇచ్చిన పాత బిల్లులుంటే ఒక్కటీ పారెయ్యకు.

ఇక తుప్పు. మన ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, కొనేవాడు మొదట వంగి చూసేది కారు కిందికే. మస్టాంగ్‌కి అసలు రోగం మాత్రం పైనుంచి వస్తుంది. అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి పోవడానికి చిల్లులున్న రేకు ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. దాని లోపల తుప్పు పడితే వాననీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి దిగుతాయి. ముందు కార్పెట్ రెండు వైపులా ఎత్తు. తోట పైపుతో ఆ చిల్లుల్లోకి ఓ ఐదు నిమిషాలు మెల్లగా నీళ్లు పొయ్యి, లోపల ఒకరు టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి చూడాలి. పొడిగా ఉంటే ఆ వీడియో వెయ్యి డాలర్ల మాట మాట్లాడుతుంది. కారితే అదీ ఫోన్‌లో తియ్యి. నవ్వులాట కాదు, నిజంగా తియ్యి.

ఎద్దుల సంతలో చూశావు కదా, కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. వాడు కనిపెట్టిన ప్రతి లోపానికీ ధర తెగ్గోస్తాడు. అదే నువ్వు ముందే చెప్పేస్తే వాడికి కొయ్యడానికి ఏమీ మిగలదు. నా 1969 షెవర్లే సి10 ట్రక్కు అమ్మినప్పుడు లోపాలవే పద్దెనిమిది ఫోటోలు పెట్టాను. వచ్చినవాడు అరగంటలో చూసి, అడిగిన దానికి మూడొందలు తక్కువకి తీసుకుపోయాడు. అంతకుముందు అందంగా తీసిన ఫోటోలతో మూడు నెలలు ఒట్టి కబుర్లే నడిచాయి.

క్లీవ్‌లాండ్ నుంచి:

అన్నయ్య చెప్పిందంతా బాగుంది గానీ, రెండు మూడు వేలు పెట్టి రంగు వేయించి అమ్మితే ధర అమాంతం పెరుగుతుంది కదా?

డేటన్ నుంచి:

వద్దు బాబూ. అమ్మే ముందు వేసిన కొత్త రంగు చూస్తే ఎవడికైనా మొదట వచ్చే అనుమానం, కింద ఏం కప్పాడని. గుడ్డలో చుట్టిన అయస్కాంతం జేబులో పెట్టుకునే వస్తారు. రేకుకి అతుక్కోని చోట పుట్టీ ఉన్నట్టే. ఆ డబ్బుతో బ్రేకులు సరిచేయించు, టైర్లు పాతవైతే మార్చు.

బ్రేకులంటే గుర్తొచ్చింది. 1966లో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసేది) ఒకటే గది, ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకులు పోతాయి. 1967 మోడళ్ల నుంచి రెండు గదులు పెట్టారు. కొనేవాడికి తాళాలిచ్చే ముందు ఇది చెప్పు, మొదట నువ్వు నడిపి చూపించు. కొత్త కార్లకు అలవాటు పడ్డ కాలు దీని పెడల్ మీద మెత్తగా వేసి, ఆగలేదేంటని కంగారు పడుతుంది. లైసెన్సు, ఇన్సూరెన్సు ఫోటో తీసుకోకుండా ఎవరినీ ఎక్కించకు. ఇంకోటి, వాళ్లు వచ్చేముందు ఇంజను వేడి చేసి పెట్టకు. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడ్డానికే వస్తారు.

సిన్సినాటి నుంచి:

నేను సీపీఏని, పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్‌ని కాబట్టి రెండు ముక్కలు. సొంతానికి వాడుకున్న కారు మీద లాభం వస్తే పన్ను లెక్కలో చూపాలి, నష్టం వస్తే తీసివేసుకోవడానికి లేదు. కొన్నప్పటి కాగితం దాచుకోండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు సొంత కారు ఒకటి అమ్ముకుంటే ఇబ్బంది లేదు. బాగుంది కదా అని కొనడం, అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం అవుతుంది, వీసాకి చిక్కు. డీలర్ లైసెన్సు గొడవ వేరే.

డేటన్ నుంచి:

మంచి మాట చెప్పావమ్మా. ఇక డబ్బు విషయం. ట్రక్కుకి నాకు మొదట వచ్చినవాడు క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్కు) తెచ్చాడు, అచ్చం అసలుదానిలాగే ఉంది. అదృష్టం బాగుండి, మీ బ్యాంకు బ్రాంచికే వెళ్దాం పద అన్నాను. ఫోన్ మాట్లాడాలని బయటికి వెళ్లిన మనిషి మళ్లీ కనిపించలేదు. మన ఖాతాలో డబ్బు పడ్డట్టు కనిపించినా దొంగ చెక్కు తర్వాత తిరిగొస్తుంది, అప్పుడు బ్యాంకు మననే కట్టమంటుంది. కాబట్టి చెక్కయితే కొనేవాడి బ్యాంకులో, వాళ్ల ఎదురుగా చేయించుకో. లేదా వైర్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపే డబ్బు) వచ్చాక కారివ్వు, అదీ నీ బ్యాంకుకి ఫోన్ చేసి అడిగాక.

ఒహాయోలో టైటిల్ వెనక నీ సంతకం నోటరీ ముందే జరగాలి. ఇంట్లో ముందే గీకి పెట్టుకోకు. కొనేవాడి పేరు, ధర రాయకుండా ఖాళీ టైటిల్ ఇవ్వమని బతిమాలితే ఇవ్వకు, వాడు వేరేవాడికి అమ్ముకునేదాకా కారు నీ పేరు మీదే ఉంటుంది. కొట్టివేతలూ, వైట్నరూ పనికిరావు. కౌంటీ క్లర్క్ ఆఫ్ కోర్ట్స్ టైటిల్ ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్తే పని అక్కడే అయిపోతుంది.

కొలంబస్ నుంచి:

అన్నా, నంబరులో సి వచ్చింది, మూడు చోట్లా కలిసింది. నీళ్లు పోసి చూశాం. డ్రైవర్ వైపు పొడి. పక్క సీటు వైపు హీటర్ పెట్టె వెనక నుంచి చుక్క చుక్కగా కారింది. మా ఆవిడ టార్చి పట్టుకుని "అయిపోయింది మీ మస్టాంగ్" అంది. వీడియో పెట్టాను. వెనక చక్రం పైన రేకు మీద రంగు ఉబ్బిన బుడగ ఫోటో కూడా పెట్టాను. 21,500 అడిగాను.

నాలుగు రోజుల్లో ఇద్దరు వచ్చారు. టొలీడో నుంచి వచ్చిన రెండో ఆయన వీడియో ముందే చూశాడట, కార్పెట్ కూడా ఎత్తలేదు. 20,400కి ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున ఆయన బ్యాంకుకి వెళ్లి, అట్నుంచి టైటిల్ ఆఫీసుకి వెళ్తాం. ఇంకేమైనా మర్చిపోయానా?

డేటన్ నుంచి:

నంబరు ప్లేట్లు. ఒహాయోలో అవి నీవి, కారుతో పంపకు. స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లు. టైటిల్ మారిందని తేలాక ఇన్సూరెన్సు ఆపు, ఒక్క రోజు కూడా ముందు కాదు.