కొలంబస్ నుంచి పొడియాట్రీ కాలేజీకి: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

తెనాలి అమ్మాయి

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులో ఓహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పొడియాట్రీ (పాదాల వైద్యం) కాలేజీలో చేరుతున్నాను. సీటు వచ్చి రెండు నెలలైంది. ఇప్పటికీ రోజుకోసారి ఆ మెయిల్ తెరిచి చూసుకుంటున్నాను. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, ఈ నాలుగు నెలల్లో ఏం సిద్ధం చేసుకోవాలి అన్నది తెలిసినవాళ్లు చెప్పండి.

నా సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే మీకూ సలహా ఇవ్వడం కష్టం. మాది తెనాలి. విజయవాడలో ఫిజియోథెరపీ చదివాను. పెళ్లయ్యి ఓహాయో వచ్చి తొమ్మిదేళ్లు. గ్రీన్ కార్డు వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మళ్లీ చదివి, ఎంక్యాట్ (మెడికల్ ఎంట్రన్స్) రాసి ఇక్కడిదాకా వచ్చాను. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. పాపకి ఆరు, ఆగస్టులో ఫస్ట్ గ్రేడ్. మా ఆయన ఉద్యోగం కొలంబస్‌లో, వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాల్సిందే.

పాదాల చదువు ఎందుకని మా వాళ్లంతా అడుగుతారు. నాన్నకి ఇరవై ఏళ్లుగా షుగర్. 2019లో ఒకరోజు ఆయన హవాయి చెప్పు అడుగు నుంచి మేకు దిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రగా పోతున్నాయని అమ్మ చూసింది, అప్పటిదాకా ఆయనకే తెలియదు. దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే పైపైన కట్టు కట్టి పంపేశారు. కాలికి స్పర్శ ఉందా లేదా అని ఒక్కరూ చూడలేదు. మూడు వారాలకి కుడికాలి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. నేను వెళ్లాక మోనోఫిలమెంట్ తెప్పించి ఎడమకాలికి పరీక్ష చేశాను. అది పది గ్రాముల బరువుకి వంగే సన్నటి నైలాన్ దారం. "కళ్లు మూసుకో నాన్నా, తగిలినప్పుడల్లా చెప్పు" అన్నాను. మడమ దగ్గర, వేళ్ల మొదట్లో, బొటనవేలి కింద, దారం వంగేదాకా ఆనిస్తున్నాను. ఆయన కళ్లు మూసుకునే ఉండి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగాడు. ఆ రాత్రే అనుకున్నాను ఈ చదువు చదవాలని.

ఇప్పుడు అసలు విషయం. కెంట్‌లో యూనివర్సిటీకి దగ్గరగా రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ ఒకటి నచ్చింది. ఈ వారమే అప్లికేషన్ ఫీజు కట్టేద్దాం అనుకుంటున్నాం. పాపని నాతో తీసుకెళ్లాలా, వాళ్ల నాన్న దగ్గర ఉంచాలా అన్నది కూడా తేలడం లేదు. అమ్మానాన్నలకి విజిటర్ వీసా ఉంది, కొన్నాళ్లు వచ్చి ఉంటామన్నారు.

మూడో ఏడు

అక్కా, ఆ ఫీజు కట్టకండి! మన కాలేజీ కెంట్‌లో లేదు. ఇండిపెండెన్స్‌లో ఉంది, క్లీవ్‌లాండ్‌కి దక్షిణంగా, రాక్‌సైడ్ రోడ్డు పక్కన. ఇది 1916లో మొదలైన ఓహాయో కాలేజ్ ఆఫ్ పొడియాట్రిక్ మెడిసిన్. 2012లో కెంట్ స్టేట్‌లో కలిసింది, అందుకే ఆ పేరు. కెంట్ నుంచి రోజూ రావాలంటే మామూలు రోజుల్లోనే అరగంట పైన, మంచు పడితే ఎంతవుతుందో చెప్పలేం. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఇలాగే కెంట్‌లో లీజు రాసేసి, ఏడాదంతా కారులోనే పాఠాలు వింటూ తిరిగాడు.

ఇండిపెండెన్స్‌లో క్యాంపస్ అంటే ఊహించుకునేలాంటి చెట్లూ హాస్టళ్లూ ఉండవు. చుట్టూ ఆఫీసు బిల్డింగులు, హోటళ్లు. ఆ ఊళ్లో అద్దెకి అపార్ట్‌మెంట్లు దొరకడం కష్టం, ఎక్కువగా సొంతిళ్లే. మావాళ్లు పార్మా, బ్రాడ్‌వ్యూ హైట్స్, ఇంకొందరు క్లీవ్‌లాండ్ డౌన్‌టౌన్‌లో ఉంటారు. ఎక్కడున్నా కారు తప్పదు.

చదువు సంగతి తర్వాత, ముందు టీకాల పని మొదలుపెట్టండి. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. మన దేశంలో చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లకి చేతి మీద వేసే టీబీ టెస్టు పాజిటివ్‌గా కనిపించొచ్చు. నాకు అలాగే వచ్చింది. ఎక్స్‌రే, మళ్లీ డాక్టరు, మళ్లీ కాగితాలు, మూడు వారాలు తిరిగాను. మీరు మొదటే రక్తపరీక్ష చేయమని అడగండి. బీసీజీ వల్ల దానికి తేడా రాదు. హెపటైటిస్ బి యాంటీబాడీలు ఉన్నాయో లేవో కూడా ఇప్పుడే చూపించుకోండి. లేకపోతే మూడు డోసుల టీకాకి ఆరు నెలలు పడుతుంది, రెండు డోసులది నెలలో అయిపోతుంది. ఆగస్టు లోపల అవ్వాలంటే ఏది వేస్తారో అడిగి వేయించుకోండి. చికెన్‌పాక్స్, మీజిల్స్ రికార్డులు తెనాలి నుంచి తెప్పించడం కంటే ఇక్కడ టైటర్ (రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష) చేయించుకోవడమే తేలిక.

శవాలని కోసి చదివే అనాటమీ ల్యాబుకి పాత స్క్రబ్స్ (హాస్పిటల్ బట్టలు), పారేయడానికి సిద్ధపడ్డ పాత బూట్లు పెట్టుకోండి. ఆ వాసన బట్టల్లోంచి పోదు. ఇంట్లో చిన్నపాప ఉందంటున్నారు కాబట్టి కారు డిక్కీలో ఒక మూత డబ్బా ఉంచి, మార్చుకున్నవి అందులో పడేసి ఇంటికెళ్లండి.

పార్మా బాబాయ్

అమ్మా, నీ పోస్టు చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. మేం పార్మాలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాం. నీకు పార్మా గానీ, పక్కనే ఉన్న సెవెన్ హిల్స్ గానీ బాగుంటుంది. హైవే ఎక్కకుండా లోపలి రోడ్ల మీదే కాలేజీకి వెళ్లిపోవచ్చు. పొద్దున పూట 77, 480 హైవేలు కలిసేచోట బండ్లు ఆగిపోతాయి, ఆ గొడవ నీకుండదు. మంచు సంగతంటావా, లేక్ ఈరీ మీద నుంచి వచ్చే పెద్ద మంచు ఎక్కువగా తూర్పు వైపు ఊళ్ల మీద పడుతుంది. మాకూ పడుతుంది గానీ వాళ్లంత కాదు. కొలంబస్ మంచు చూసి ఇదీ అంతే అనుకోకు. నవంబరు లోపల టైర్లు మార్పించుకో.

శివ విష్ణు ఆలయం పార్మాలోనే, రిడ్జ్ రోడ్డు మీద. అమ్మానాన్నలు వస్తే వాళ్లకి నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. అది చిన్న విషయం కాదమ్మా. పగలంతా నువ్వు కాలేజీలో, పాప బళ్లో. ఇంట్లో ఇద్దరే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే నెల తిరక్కుండా వెళ్లిపోతామంటారు. ఈస్టర్ రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది, 1978 నుంచీ ఏటా జరుపుతున్నారు. మీ అమ్మగారికి సంగీతం ఇష్టమైతే అప్పటిదాకా ఉండమను.

ఇక ఇల్లు. ఇక్కడ 'డబుల్' అంటారు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. క్లీవ్‌లాండ్ సిటీ లోపల, ఓల్డ్ బ్రూక్లిన్ లాంటి చోట్ల ఎక్కువ. అద్దె తక్కువే, కానీ పాత ఇళ్లు. 1978కి ముందు కట్టినవాటిలో సీసం కలిసిన రంగు ఉండొచ్చు. పసిపిల్లలకి అది విషం. అలాంటి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు తనకి తెలిసిన సంగతి రాసివ్వాలని దేశమంతటా చట్టం ఉంది. క్లీవ్‌లాండ్ సిటీలో అయితే లెడ్ సేఫ్ (సీసం ప్రమాదం లేదనే) సర్టిఫికెట్ కూడా అడుగు. పార్మా వేరే సిటీ, ఆ సర్టిఫికెట్ రూలు ఇక్కడ లేదు. ఇక్కడి ఇళ్లూ పాతవే కనుక నీ కళ్లతో నువ్వు చూసుకోవాల్సిందే.

ఇంకొకటి. మా అబ్బాయి మొదటి అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనరు డిపాజిట్ మొత్తం మింగేయబోయాడు. కార్పెట్ పాడైందన్నాడు. చేరిన రోజు తీసిన వీడియోలో ఆ మరకలు అప్పటికే ఉన్నాయి. ఓహాయోలో ఇల్లు అప్పజెప్పి, కొత్త అడ్రసు కాగితం మీద రాసిస్తే, 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, పట్టుకుంటే దేనికెంతో రాసివ్వాలి. అన్యాయంగా పట్టుకున్నదానికి కోర్టులో రెట్టింపు అడగొచ్చు. ఆ సంగతి ఉత్తరంలో రాసి వీడియో పంపితే వారంలో చెక్కు వచ్చింది. కాబట్టి తాళం చేతికిచ్చిన రోజే, సామాను దించకముందే, గది గదీ వీడియో తియ్యి.

తెనాలి అమ్మాయి

బాబాయ్ గారూ, తమ్ముడూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కెంట్ అపార్ట్‌మెంట్ వదిలేశాం. వచ్చే శనివారం పార్మా వైపు వచ్చి చూస్తున్నాం. పాప సంగతే ఇంకా తేలలేదు. మా ఆయన తన దగ్గరే ఉంచుకుంటానంటారు, నాకేమో వదిలి ఉండగలనన్న ధైర్యం లేదు. లోన్ల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? విన్నదొకటి, చదివిందొకటి.

రెసిడెంట్ అక్క

చెల్లీ, నేను పొడియాట్రీ పూర్తిచేసి రెసిడెన్సీ (హాస్పిటల్‌లో శిక్షణ) రెండో ఏడులో ఉన్నాను. కాలేజీలో చేరినప్పుడు మా బాబుకి నాలుగేళ్లు.

డబ్బు మాట ముందు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (పై చదువులకి ఖర్చంతా ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. పొడియాట్రీని ప్రొఫెషనల్ డిగ్రీల్లో లెక్కేశారు గనక ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 దాకా వస్తుంది. మాకైతే ట్యూషన్ పోగా అద్దె, తిండి కూడా లోన్‌లోనే గడిచేవి. మీ బ్యాచ్‌కి అలా జరగదు. ట్యూషన్, ఫీజులు కట్టాక మిగిలేది అద్దెకి చాలదనే లెక్కేసుకో. రెండిళ్ల అద్దె మీ ఆయన జీతంలో నాలుగేళ్లు మోయగలరా అన్నది ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. ప్రైవేటు లోన్ చివరిమాటగా ఉంచుకోండి.

ఇల్లు కాలేజీకి ఎంత దగ్గర అని అందరూ చూస్తారు. నేనూ అదే చూసి తప్పు చేశాను. మొదటి రెండేళ్లే నువ్వు కాలేజీకి కట్టుబడి ఉండేది. రెండో ఏడు అయ్యాక బోర్డు పరీక్ష మొదటి పార్టు. మూడో ఏడు క్లినిక్కులు, హాస్పిటళ్లు తిరగాలి. నాలుగో ఏడు ఎక్స్‌టర్న్‌షిప్పులని, వేరే హాస్పిటళ్లలో పని నేర్చుకోవడానికి నెలకో ఊరు. ఆ తర్వాత మూడేళ్ల రెసిడెన్సీ, అది ఏ రాష్ట్రంలో పడుతుందో నీ చేతిలో లేదు. నాలుగో ఏడులో నేను ఒక ఊళ్లో ఉంటే బాబుకి జ్వరం. ఇంటి చుట్టుపక్కల తలుపు కొట్టడానికి ఒక్కరూ లేరు. కాలేజీకి అయిదు నిమిషాల దూరమని తీసుకున్న అపార్ట్‌మెంట్ అది. ఆ రాత్రి మా ఆయన ఒక్కడే వాడిని ఎత్తుకుని ఎమర్జెన్సీకి వెళ్లాడు. అందుకని ఇల్లు పాప కోసం చూడు. బడి మంచిదై, పక్కన మనవాళ్లుండే చోటు. నీకు పదిహేను నిమిషాలు ఎక్కువైనా పర్లేదు. పాపని తీసుకెళ్లు. మొదటి ఏడాది కష్టమే, కానీ రాత్రి ఎనిమిదింటికి దాన్ని పడుకోబెట్టి మళ్లీ పుస్తకం ముందు కూర్చున్న రోజే నాకు బాగా ఎక్కేది.

చదువు విషయంలో నువ్వు భయపడాల్సిన పని లేదు. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, అరికాలి కండరాలు నాలుగు పొరలు. ఇవి ఫిజియోలో ఒకసారి చదివినవే, ఇక్కడ తవ్వి తవ్వి అడుగుతారు. నిన్ను ఇబ్బందిపెట్టేది బయోకెమిస్ట్రీ. రోజుకి గంట, అంతకుమించి వద్దు. జూలై అంతా పాపతో గడుపు.

ఇంకో మాట. నాన్నగారు వస్తున్నారన్నావు. ఇల్లు చూసేటప్పుడు ఆయన కాళ్లతో చూడు. మెట్లు, బాత్రూం గడప, పక్క వాకిట్లో మంచు కరిగి గడ్డకట్టే చోటు. స్పర్శ లేని కాలికి హీటర్ దగ్గర కూర్చోవడం కూడా ప్రమాదమే, కాలినా తెలియదు. చలి ఊరికి హవాయి చెప్పులతో మాత్రం రానివ్వకు.

తెనాలి అమ్మాయి

వెళ్లొచ్చాం. రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదట ఓల్డ్ బ్రూక్లిన్‌లో ఒక డబుల్ చూశాం. పై వాటా, అద్దె తక్కువ, వెలుతురు బాగుంది. ఓనరుతో మాట్లాడుతూ తిరిగి చూసేసరికి పాప కిటికీ దగ్గర నిలబడి చట్రం మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకుతోంది. గోరు కింద తెల్లటి పొడి. బాబాయ్ గారి మాట గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. చెయ్యి కడిగించి, సర్టిఫికెట్ అడిగాం. తర్వాత పంపిస్తానన్నాడు. ఇంతవరకు రాలేదు, మేం మళ్లీ అడగలేదు.

రెండోది పార్మాలో చిన్న బంగళా. ఇదీ పాతదే, కానీ కిటికీలన్నీ కొత్తవి. సీసం కాగితం ఓనరమ్మ ముందే తయారుగా పెట్టింది. అయినా లోపలి రంగు పరీక్ష చేయించాకే సంతకం పెట్టాం. బెడ్‌రూము, బాత్రూము కిందే. ముందు మూడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నేను టేపుతో మెట్టెత్తు కొలుస్తుంటే ఆవిడ ఎందుకని అడిగింది. నాన్న సంగతి చెప్పాను. వాళ్లమ్మకీ షుగరేనట. ఆగస్టు ఒకటి లోపల కమ్మీ పెట్టిస్తానని తనే లీజులో రాసింది. సోమవారం పొద్దున ఏడున్నరకి అక్కడి నుంచి కాలేజీకి బండి నడిపి చూశాను, పంతొమ్మిది నిమిషాలు. పాప నాతోనే ఉంటుంది. మా ఆయన గురువారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్తారు. రెండిళ్ల లెక్క రెండుసార్లు వేశాం, కొలంబస్‌లో ఆయన ఒక గదికి మారితే సరిపోతుంది.

టీబీ రక్తపరీక్ష నెగెటివ్. హెపటైటిస్ బి మొదటి డోసు అయింది, రెండు డోసుల టీకానే వేశారు.

అక్కా, నాన్నకి బూట్ల సంగతి. ఆయన జన్మలో బూట్లు వేసుకోలేదు. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీసి పంపమన్నాను అమ్మని. నిన్న రాత్రి వాట్సాప్‌లో వచ్చింది. ఎడమపాదం గీత సరిగ్గా ఉంది. కుడిపాదం దగ్గర, బొటనవేలు ఉండాల్సిన చోట, అమ్మ పెన్సిలుతో ముందు వేలు ఉన్నట్టే గీసి, తర్వాత చెరిపేసి లోపలికి వంచి గీసింది. చెరిపిన గీత ఇంకా కనిపిస్తోంది. వేలు లేని చోట లోపల మెత్తటి పూరకం పెట్టి, లోతుగా ఉండే బూట్లు చేసే పెడార్థిస్ట్ క్లీవ్‌లాండ్ వైపు ఎవరైనా ఉన్నారా? వాళ్లు సెప్టెంబరు మొదట్లో దిగుతారు.