ఓడినవాడే అసలు వీరుడా? కర్ణుడు, హెక్టర్: మీరు ఎవరి వైపు?

రథచక్రం:
గ్రీకు కవి హోమర్ ట్రాయ్ యుద్ధం మీద చెప్పిన కావ్యం ఇలియడ్ అనువాదం చదవడం మొన్ననే పూర్తయింది. చదువుతున్నంతసేపూ కర్ణుడే గుర్తొచ్చాడు. భారతంలో కర్ణుడు, అక్కడ ట్రాయ్ రాకుమారుడు హెక్టర్. ఇద్దరూ ఓడిపోయే పక్షాన నిలబడ్డారు, అదీ తెలిసే నిలబడ్డారు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రథమెక్కించుకుని, నువ్వు కుంతి కొడుకువి, వస్తే రాజ్యం నీదే అని చెప్పినా కర్ణుడు కదల్లేదు. పెంచిన రాధను, నమ్మిన దుర్యోధనుణ్ణి వదలనన్నాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే అతను రాజ్యం తనకిస్తాడు, తను దాన్ని తీసుకెళ్ళి దుర్యోధనుడికిస్తాడు, అందుకని. హెక్టర్‌ని భార్య ఆండ్రొమకి బతిమాలుతుంది, యుద్ధానికి పోవద్దని. ట్రాయ్ ఏదో ఒక రోజు కూలిపోతుందని తనకూ తెలుసని ఆమెకే చెప్పి వెళతాడు.

ఇద్దరి చావులోనూ మోసం ఉంది. చక్రం కుంగి నేల మీద ఉన్నవాడి మీద అర్జునుడు బాణం వేశాడు. ఎథీనా దేవత తమ్ముడి వేషంలో వచ్చి, నేనున్నాను పద అని హెక్టర్‌ని గ్రీకుల మహావీరుడు అకిలీస్ ముందు నిలబెట్టింది. ఈటె అందుకుందామని చూస్తే తమ్ముడు లేడు.

దేవుళ్ళ అండతో గెలిచిన వాళ్ళు వీరులా, ఏ సాయమూ లేకుండా నిలబడి పోయిన వీళ్ళు వీరులా? నా ఓటు వీళ్ళిద్దరికే.

పాతపుస్తకం:
రథచక్రం గారూ, పోలిక బాగుంది. కానీ మీరు వీళ్ళ చావుల దగ్గరే ఆగిపోయారు. వీళ్ళ చేతుల్లో పోయినవాళ్ళ సంగతి కూడా చూద్దాం.

అభిమన్యుడి విల్లు తుంచింది ఎవరు? కర్ణుడే. ఆ కుర్రాణ్ణి ఎలా ఆపాలో తెలియక ద్రోణుణ్ణి అడిగి, ఆయన చెప్పిన ఉపాయం ప్రకారం తుంచాడు. కృతవర్మ గుర్రాల్ని చంపాడు, కృపుడు సారథుల్ని చంపాడు. మహారథులంతా కలిసి ఒక్కడి మీద పడ్డారు. ఇప్పుడు అకిలీస్ స్నేహితుడు పత్రోక్లస్ సంగతి. అపోలో దేవుడు వెనకనుంచి వచ్చి వీపు మీద చరిచి, శిరస్త్రాణం పడగొట్టి, కవచం ఊడదీశాడు. యుఫోర్బస్ అనేవాడు ఈటెతో పొడిచాడు. అంతా అయ్యాక వచ్చి పొడిచాడు హెక్టర్. నువ్వు మూడోవాడివి అని పత్రోక్లస్ చచ్చిపోతూ మొహం మీదే అంటాడు. 'ఏ సాయమూ లేకుండా' అన్నారు కదా, అపోలో చాలా రోజులు హెక్టర్ వైపే ఉన్నాడు. చివర్లో వదిలేశాడు, అంతే.

అర్జునుడికి కొడుకు పోయాడు, అకిలీస్‌కి ప్రాణస్నేహితుడు పోయాడు. రెండు చోట్లా కథ మలుపు తిరిగింది ఆయుధాలు విరిగినవాడి చావుతోనే. చక్రం కుంగినప్పుడు కర్ణుడు ధర్మం గుర్తు చేస్తే, ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు, అభిమన్యుణ్ణి చుట్టుముట్టినప్పుడు ఇది ఎక్కడికి పోయిందని కృష్ణుడు వరసపెట్టి అడిగాడు. కర్ణుడు సిగ్గుతో తల దించుకున్నాడు, జవాబు చెప్పలేదు. అతని వకాల్తా మనం ఇప్పుడు పుచ్చుకోవడం ఎందుకు?

తర్కం77:
సినిమా కర్ణుడు వేరు, వ్యాసుడి కర్ణుడు వేరు. స్వయంవరంలో ద్రౌపది 'సూతుణ్ణి వరించను' అందని అందరూ చెప్పుకుంటారు. పుణె భండార్కర్ సంస్థ పండితులు ప్రతులన్నీ పోల్చి 1966లో ముగించిన పరిష్కరణలో ఆ మాట మూలంలో లేదు, పేజీ అడుగుకు పోయింది. కానీ సభలో ఆమెను బంధకి (కులట) అన్నదీ, వలువలు తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పిందీ కర్ణుడేనన్నది మూలంలోనే ఉంది. ఘోషయాత్రలో, అంటే ఆలమందల్ని చూసే నెపంతో కౌరవులు అడవికి వెళ్ళినప్పుడు, గంధర్వుల చేతిలో రథం విరిగాక వికర్ణుడి రథమెక్కి తప్పుకున్నదీ ఇతనే.

రథచక్రం:
స్వయంవరం పోతే పోనివ్వండి. అస్త్రవిద్యా ప్రదర్శన రోజు కృపుడు వంశం అడగలేదా? కొరడా పట్టుకో పో అని భీముడు అనలేదా? అదీ కల్పితమేనా?

తర్కం77:
కాదు, అది ఉంది. ఒప్పుకుంటున్నా.

నిద్రలేని పాఠకురాలు:
మీ ముగ్గురూ ఒక విషయం ముందే తేలిపోయిందనుకుని వాదిస్తున్నారు. వీరుడంటే మంచివాడై ఉండాలని. ఈ కావ్యాలు ఆ మాట అన్నాయా?

ఇలియడ్ మొదటి పదమే కోపం. అకిలీస్ మంచివాడని హోమర్ ఎక్కడా దబాయించడు. బందీగా తెచ్చుకున్న బ్రిసెయిస్‌ని గ్రీకుల సేనాపతి అగమెమ్నాన్ లాక్కున్నాడని అలిగి కూర్చుంటే సొంత సైన్యమే చచ్చింది. ఇక మీ హెక్టర్. గోడలోపలికి పోదామని ముందు రాత్రి తోటి వీరుడు పొలిడమస్ చెబితే వినలేదు. మర్నాడు సైన్యం నాశనమయ్యాక ఊళ్ళోవాళ్ళకు ముఖం చూపించలేక బయటే నిలబడ్డాడు. తీరా అకిలీస్ దగ్గరికొచ్చేసరికి కోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తాడు. అయినా హోమర్ దృష్టిలో వీరుడే.

భారతం ఇంకా ఘాటు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్ళగానే కనిపించింది సింహాసనం మీద దుర్యోధనుడు! యుద్ధంలో వెన్ను చూపకుండా పోయాడు కాబట్టి అతనికి ఆ లోకం వచ్చిందని నారదుడు చెబుతాడు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. శౌర్యానికి ఒక లెక్క, ధర్మానికి ఇంకో లెక్క, రెండూ వేరువేరు పుస్తకాల్లో రాసుకున్నట్టుంది.

ఆ రెండు లెక్కలూ ఒకే మనిషిలో కలవాలని పట్టుబట్టింది రామాయణం. గుణవంతుడూ వీర్యవంతుడూ అయినవాడు ఈ కాలంలో ఎవరున్నారని వాల్మీకి నారదుణ్ణి అడగడంతోనే మొదలవుతుంది. అందుకే వాలిని చాటునుంచి కొట్టిన చోట కావ్యానికి అంత ఇబ్బంది, వాలి చేత అన్ని ప్రశ్నలు వేయించడం. అర్జునుడి బాణానికి అంత సంజాయిషీ లేదు. రావణుడు పడ్డాక రాముడు 'మరణాంతాని వైరాణి' అంటాడు. చావుతో పగలు తీరిపోయాయి, అతను నీకెంతో నాకూ అంతే, సంస్కారం చెయ్యి అని విభీషణుడికి చెబుతాడు. ఆ మాట అనుకోవడానికి అకిలీస్‌కి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు.

నన్నడిగితే ఇలియడ్‌లో అందరికన్నా ధైర్యవంతుడు ప్రియాముడు. హెక్టర్ తండ్రి, ముసలి రాజు, చేతిలో ఆయుధం లేదు. రాత్రిపూట శత్రువు గుడారంలోకి వెళ్ళి, తన కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దుపెట్టుకుని శవం అడిగాడు. అకిలీస్ తన తండ్రిని తలచుకుని ఏడ్చాడు. ఇద్దరూ ఏడ్చారు. అంత్యక్రియలకని అకిలీస్ యుద్ధం ఆపాడు. కావ్యం ముగిసేది హెక్టర్ దహనంతో, అకిలీస్ గెలుపుతో కాదు.

పాతపుస్తకం:
ప్రియాముడి గురించి మీరన్నది కాదనను. కానీ రెండు లెక్కలు వేరంటే, కృష్ణుడి ప్రశ్నలకు కర్ణుడు సిగ్గుపడాల్సిన పనేముంది? శౌర్యం లెక్క తనది బాగానే ఉంది కదా. సిగ్గుపడ్డాడంటే రెండూ ఒకటేనని అతనికి తెలుసన్నమాట. హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో అకిలీస్ చచ్చాక ఏమన్నాడో కూడా చూడండి. చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండే కన్నా, బతికి ఏ బీదవాడి దగ్గరో కూలి చేసుకోవడం మేలన్నాడు. ఆ శౌర్యం పుస్తకం అతనికే పనికిరాలేదు.

నిద్రలేని పాఠకురాలు:
ఈ పాయింట్ మీదే. సిగ్గు సంగతి నేను ఆలోచించలేదు.

రథచక్రం:
అన్నీ సరే. ఒక్కదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని కర్ణుడు కుంతికి మాటిచ్చాడు. యుద్ధంలో ధర్మరాజు, భీముడు, నకులుడు, సహదేవుడు వేరువేరుగా అతని చేతికి చిక్కారు. అందర్నీ వదిలేశాడు. చూసి మెచ్చుకునేవాడు లేడు, పైగా తన పక్షానికే నష్టం. ఇది ఏ పుస్తకంలో రాస్తారు?

పాతపుస్తకం:
వదిలాడు, నిజమే. భీముణ్ణి వదిలేటప్పుడు వింటికొనతో పొడిచి, తిండిపోతా, నీకు యుద్ధమెందుకు అని తిట్టి మరీ వదిలాడు. ధర్మరాజునూ ఎగతాళి చేశాడు.

రథచక్రం:
తిట్టకుండా వదిలేస్తే ఎందుకు వదిలాడో దుర్యోధనుడికి అనుమానం రాదూ?

పాతపుస్తకం:
ఇది నేనెప్పుడూ ఇలా చూడలేదు. కర్ణపర్వం మళ్ళీ తీసి చూసి రేపు రాస్తాను.