టార్క్ రెంచ్ కొనాలా, చేతి అంచనా చాలా?

నల్లగొండ బైక్ షెడ్డు:
పోయిన నెల మా షెడ్డులో ఒక బైక్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు త్రెడ్ పోయింది. కొత్తగా చేరిన పిల్లవాడు ఆయిల్ కారకూడదని ఇంకో అర చుట్టు తిప్పాడు. అల్యూమినియం కేసింగ్ కదా, ఆగలేదు. కొత్త త్రెడ్ వేయించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. అందుకే బోల్టు ఎంత బలంతో బిగుస్తుందో కొలిచే టార్క్ రెంచ్ కొందామనుకుంటున్నాను. మా ఉస్తాద్ వద్దంటున్నాడు, చేతికి తెలియాలి అంటాడు. పెట్టిన అంకె రాగానే క్లిక్‌మనే రకం మంచిదా, అంకెను ముల్లుతో చూపే రకం మంచిదా?

జడ్చర్ల లారీ మెకానిక్:
ఉస్తాద్ మాట విను తమ్ముడూ. నేను హైవే పక్కన 20 ఏళ్లుగా లారీలు చూస్తున్నాను, చేయి తిరిగినవాడికి అది అక్కర్లేదు. ఆ రెంచే తప్పు చూపిస్తే నీకెలా తెలుస్తుంది?

మిర్యాలగూడ హార్వెస్టర్:
అన్నా, మీ ప్రశ్న సరైనదే, దానికి వస్తాను. కానీ పొద్దున ఉన్న చేయి రాత్రికి ఉండదు. ఒక వరికోతల సీజన్‌లో రాత్రి రెండింటికి పొలంలోనే హార్వెస్టర్ ఇంజిన్ హెడ్ బిగించాను. బోల్టులన్నీ సమానంగానే ఉన్నాయనుకున్నాను. వారానికే హెడ్ కింద సీలుగా ఉండే గాస్కెట్ పోయింది, కోత ఆగింది, ఆ రైతు ముందు తలెత్తుకోలేకపోయాను. ఆనాటి నుంచి రెంచ్ లేకుండా హెడ్ ముట్టను.

తమ్ముడూ, కంపెనీ పేరు కంటే ముందు కొలత చూడు. క్లిక్ రెంచ్‌ని దాని పూర్తి కొలతలో కింది ఐదో వంతులో నమ్మకూడదు. బైక్‌లో 6 ఎంఎం బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గరే పని. 200 దాకా వెళ్లే పెద్ద రెంచ్ అక్కడ దండగ. 5 నుంచి 25 దాకా ఉన్న క్లిక్ రకం ముందు కొను. పెద్ద నట్లకు ముల్లు రకం చాలు. అందులో అరిగే స్ప్రింగ్ లేదు, ముల్లు సున్నా మీద ఉందో లేదో కంటికే కనిపిస్తుంది. ఇరుకులో చదవడం మాత్రం కష్టం, ఎదురుగా చూడకపోతే లెక్క తప్పుతుంది.

టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం, పూర్తి కొలత 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్‌లో 4 శాతం తేడా దాకా ఒప్పుకుంటారు. రెంచ్ పరీక్ష సర్టిఫికెట్ మీద నంబరు, రెంచ్ మీద నంబరు ఒకటేనా చూసుకో. ఏడాదికి గానీ 5000 క్లిక్కులకు గానీ మళ్లీ పరీక్ష చేయించాలి. పని అయ్యాక కింది గీతకు తిప్పి పెట్టు. దాంతో బోల్టులు ఊడదీయొద్దు.

ఇక అన్న అడిగినది. రెంచ్ చదరపు మొనను వైస్‌లో బిగించి, పిడి నేలకు సమాంతరంగా ఉంచాలి. మొన నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, పిడి పట్టుకునే చోట 10 కిలోల తూకపు రాయి వేలాడదీస్తే దాదాపు 20 న్యూటన్ మీటర్లు. రెంచ్‌ని 17 దగ్గర పెడితే క్లిక్ అనాలి, 24 దగ్గర అనకూడదు.

జడ్చర్ల లారీ మెకానిక్:
ఇది బాగుంది, నేనూ చేసి చూస్తాను. మరి త్రెడ్‌కి ఆయిల్ ఉంటే?

మిర్యాలగూడ హార్వెస్టర్:
మంచి మాట అడిగారు. మనం పెట్టే బలంలో చాలావరకు రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసేది దాదాపు పదో వంతే. ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్‌లో ఆయిల్ రాయమని ఉంటేనే రాయాలి.

నల్లగొండ బైక్ షెడ్డు:
5-25 కొంటాను అన్నా. క్లిక్ విన్నాక పిల్లవాడు ఇంకోసారి లాగొచ్చా?

మిర్యాలగూడ హార్వెస్టర్:
వద్దు. ఒక్క క్లిక్కే, అక్కడే ఆపమను.