ఇంటిపన్ను డబుల్ వచ్చింది, కడితే పై అంతస్తు సక్రమమైనట్టేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో ఒక చిన్న మునిసిపాలిటీ. 2018 ఆగస్టులో మా ఊరి పంచాయతీని పక్క పట్నంలో కలిపేశారు. 160 గజాల్లో మా నాన్న 1998లో కట్టిన ఇల్లుంది. 2021లో తమ్ముడు దుబాయ్ నుంచి పంపిన డబ్బుతో పైన రెండు గదులు, ఒక బాత్రూం వేశాం. అప్పుడు ఎవరి అనుమతీ తీసుకోలేదు, తీసుకోవాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాన్న పోయి రెండేళ్లయింది. పన్ను ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది.

మొన్న డిమాండ్ నోటీసు వచ్చింది. పన్ను ఎంతో, దాని కింద అనధికార నిర్మాణ జరిమానా కూడా అంతే వేశారు. అమ్మేమో "ఇన్నేళ్లు కడుతున్నాం, రశీదులన్నీ ఉన్నాయి, ఇదీ కట్టేస్తే ఇక ఎవరూ అడగరు" అంటోంది. నిజమేనా?

ఇంకో సంగతి. ఊరి చివర 2016లో కొన్న 200 గజాల ప్లాటు ఉంది, రిజిస్టర్ అయింది. పంచాయతీ లేఅవుట్ అని చెప్పి అమ్మారు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు పెట్టాం, అంతే, ఆ తర్వాత ఏమీ చేయలేదు. ఇప్పుడు కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో 60 అడుగుల రోడ్డు ఆ ప్లాటు మీదుగా గీశారు. ప్లాటు పోయినట్టేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు 1 (మునిసిపల్ రెవెన్యూ విభాగంలో చేసి రిటైరయ్యాను)

అమ్మా, మీ అమ్మగారు అన్న మాట నేను కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ రోజూ విన్నదే. అందుకే దాని గురించే ముందు చెప్తాను.

ఇంటి కాగితాలు మూడు రకాలు, ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు. ఇల్లు ఎవరిదో చెప్పేది దస్తావేజు, వారసత్వం. అది కట్టొచ్చా లేదా చెప్పేది టౌన్ ప్లానింగ్ వాళ్ల అనుమతి. పన్ను రశీదు మాత్రం ఫలానా నంబరు ఇంట్లో ఇంత విస్తీర్ణం వాడుకలో ఉంది, దాని మీద ఇంత వసూలైంది అని మాత్రమే చెబుతుంది. బిల్ కలెక్టర్ టేపు పట్టుకుని వస్తాడు, గోడ నుంచి గోడకు కొలుస్తాడు, స్లాబా రేకులా, ఉండటానికా అద్దె షాపుకా రాసుకుంటాడు. నీ దస్తావేజు చూపించు అని అడిగే పని ఆయనది కాదు. సర్కారు భూమిలో వేసుకున్న ఇళ్లకు కూడా నంబరేసి పన్ను రాసిన రిజిస్టర్లు నేను చూశాను. రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది, 2021లో మధ్యప్రదేశ్ కేసులో ఇంకోసారి స్పష్టంగా చెప్పింది.

ఇక జరిమానా. అనుమతి లేని కట్టడానికి పన్నుతో సమానంగా జరిమానా వేయడం చట్టంలో ఉంది. ఆ కట్టడాన్ని కూల్చేదాకానో, క్రమబద్ధం చేసేదాకానో ప్రతి ఏడాదీ వేస్తూనే ఉంటారు. జరిమానా కట్టినందువల్ల పై అంతస్తుకు అనుమతి వచ్చినట్టు కాదు. అయినా కట్టండి. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే పదివేలు ఆపితే ఏడాదికి 2,400. కొన్నేళ్లు వడ్డీలో 90 శాతం మాఫీ అని ప్రభుత్వం ప్రకటించింది కదా అని చాలామంది ఆపి కూర్చుంటారు. ఈసారి అది వస్తుందో రాదో మీ చేతిలో లేదు.

కట్టేముందు ఒక్క పని చేయండి. నోటీసు పట్టుకుని ఆఫీసుకెళ్లి అసెస్‌మెంట్ వివరాల కాపీ అడగండి. జరిమానా పై రెండు గదులకే వేశారా, కింది ఇంటికి కూడా కలిపేశారా చూడండి. మీరు చెప్పిన లెక్కలో జరిమానా మొత్తం పన్నుకు సమానంగా ఉందంటే నాకు అనుమానంగానే ఉంది. కింది ఇంటికి 1998 పంచాయతీ అనుమతి కాగితం దొరికితే అది జతచేసి కమిషనర్ పేర అర్జీ రాయండి. విలీనమైన ఊళ్లలో పంచాయతీ ఫైళ్లు సరిగా అందక, మొత్తం ఇంటిని అనుమతి లేనిదిగా ఎక్కించిన సందర్భాలు నాకు తెలుసు. అర్జీ ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. నోటిమాటకు విలువ లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ సార్. అనుమతి కాగితం కోసం ఇనప్పెట్టె వెతుకుతున్నాం. ఒకాయన, కొత్తగా సెల్ఫ్ అసెస్‌మెంట్ చేసి పై గదులు చూపించకుండా విస్తీర్ణం తగ్గించి రాస్తే సరిపోతుంది అన్నాడు. చేయొచ్చా?

జవాబు 1

వద్దమ్మా. 2019 మునిసిపాలిటీల చట్టంలో తప్పుడు సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు 25 రెట్లు జరిమానా ఉంది. పైగా మీ పై అంతస్తు ఇప్పటికే వాళ్ల రికార్డులో ఉంది, దాన్ని మాయం చేసి రాస్తే అబద్ధం మీ సంతకంతోనే దొరుకుతుంది. ఆ సలహా ఇచ్చినాయన అప్పుడు పక్కన ఉండడు.

జవాబు 2 (లైసెన్స్‌డ్ ఇంజనీరుని, చిన్న పట్నాల్లో ప్లాన్లు గీస్తాను)

అక్కా, పై అంతస్తు సంగతి నేను చెప్తా. ముందు 2015 నాటి భవన క్రమబద్ధీకరణ పథకం మీద ఆశ పెట్టుకోకండి. అది 2015 అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే, మీది 2021.

మీ ఇల్లు నిబంధనల్లో ఇముడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 160 గజాలంటే సుమారు 134 చదరపు మీటర్లు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఆ సైజు ప్లాటులో పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, ముందు రోడ్డు మరీ వెడల్పుది కాకపోతే, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలి. 1998 ఇళ్లు చాలావరకు పక్కవాళ్ల గోడకు ఆనించి కట్టినవే. పాత ఊరి ఇరుకు వీధులకు నిబంధనలు కొంచెం వేరు, కాబట్టి మీ వీధి ఏ కోవలోకి వస్తుందో టౌన్ ప్లానింగ్ సెక్షన్లో అడగండి. చుట్టూ కొలిపించండి, మెట్లు, బాల్కనీ చివర నుంచి కొలవాలి, గోడ నుంచి కాదు. నేను చూసిన ఇళ్లలో సగం గొడవలు ఆ బయటి మెట్ల దగ్గరే వస్తాయి. గదులు నిబంధనలోనే ఉంటాయి, మెట్లు మాత్రం పక్కవాళ్ల ప్రహరీకి తగులుతాయి.

75 గజాల లోపు స్థలంలో కింది ఇల్లు, పైన ఒక అంతస్తు వరకు ఇళ్లకు రూపాయి ఫీజుతో రిజిస్ట్రేషన్ చాలు అని 2020 చట్టంలో ఉంది, చాలామంది దాన్ని తమకూ వర్తింపజేసుకుంటున్నారు. మీది 160 గజాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ మీద ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి ఇస్తారు, కానీ అది కట్టబోయేదానికి. కట్టేసినదాన్ని కట్టబోతున్నట్టు చూపించి తెచ్చుకునే అనుమతి తర్వాత తనిఖీలో పోతుంది. అలా చేయమని నేను చెప్పను.

కూల్చేస్తారేమో అని భయపడుతుంటే ఒక మాట. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు, ముందుగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు టైం ఇవ్వకుండా, మీ మాట వినకుండా కూల్చకూడదని దేశం మొత్తానికీ ఆదేశం ఇచ్చింది. ఆ నోటీసు రిజిస్టర్ పోస్టులో రావాలి, ఇంటికి అతికించాలి కూడా. రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి ప్రజాస్థలంలో కట్టినదానికి ఆ రక్షణ లేదు. అందుకే అరుగు రోడ్డు మీదకి వచ్చి ఉంటే ముందు మీరే తీసేయండి.

జవాబు 3

పేరు మార్పిడి గురించి ఎవరూ చెప్పలేదు. నాన్నగారు వీలునామా రాయకపోతే, ఇల్లు ఆయన సొంత సంపాదన అయితే, అమ్మగారు, మీరు, తమ్ముడు సమాన హక్కుదారులు. ముగ్గురి పేర్లూ కలిపి మార్పిడికి పెట్టండి, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఉండాలి. ఒక్కరి పేరు మీదే చేయాలంటే మిగతా ఇద్దరూ హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలదు. తమ్ముడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవరాఫ్ అటార్నీ రాసి పంపమనండి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు చాలామంది పోగొట్టుకుంటారు.

అక్కగారూ, ఒక మాట మనసులో పెట్టుకోండి. "తమ్ముడు డబ్బు పెట్టాడు కదా, పన్ను వాడి పేరున పెట్టేద్దాం" అని ఇంట్లో ఎవరైనా అంటే, అది పైకి చిన్న విషయంలా ఉంటుంది. మీ సంతకం పెట్టేముందు ఏం వదులుకుంటున్నారో చదివి పెట్టండి.

జవాబు 4 (మాది జగిత్యాల వైపు)

అక్కా, ప్లాటు గురించి నేను. భయపడకండి, కానీ నిద్రపోకండి.

ముసాయిదా అంటే ముసాయిదానే. ప్రభుత్వం జీవో ఇచ్చేదాకా అది ఖరారు కాదు. 2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ముసాయిదాలో తమ పంట భూములను పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. చివరికి ఆ నెలలోనే కౌన్సిల్ ప్లాన్ రద్దుకు తీర్మానం చేసింది. మా జగిత్యాలలోనూ అదే నెలలో అలాగే వెనక్కి తీసుకున్నారు. అంతమంది కలిస్తేనే అయింది, నిజమే. కానీ ఆ ధర్నాలతో పాటు రాతపూర్వక అభ్యంతరాలు కూడా కట్టలు కట్టలుగా వెళ్లాయి.

మీరు చేయాల్సింది ఇది. నోటీసులో అభ్యంతరాల గడువు తేదీ చూడండి. ఆఫీసు గోడకు అతికించిన మ్యాపులో మీ సర్వే నంబరు వెతికి, ఆ ముక్కకు ఫోటో తీయండి. గీత ప్లాటులో ఎన్ని గజాలు తింటుందో ఇంజనీరుతో లెక్క వేయించండి. సగం పోతుందా, మూలన నాలుగు గజాలా అన్నదాన్నిబట్టి మీ అర్జీ మారుతుంది. దస్తావేజు కాపీ, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), ఎల్‌ఆర్‌ఎస్ రశీదు జతచేయండి. "రోడ్డు వద్దు" అని రాయొద్దు. పక్కన బండ్ల బాట ఉందనుకోండి, రోడ్డును దాని మీదుగా జరపమని, అందువల్ల ఎన్ని ఇళ్లు, ప్లాట్లు తప్పుతాయో రాయండి. ప్లానింగ్ వాళ్లు చదివేది అలాంటి అర్జీనే. చుట్టుపక్కల ప్లాట్ల వాళ్లందరూ విడివిడిగా ఇవ్వాలి, ఒకే కాగితం మీద యాభై సంతకాలు పెడితే అది ఒక్క అభ్యంతరంగానే లెక్కలోకి వస్తుంది.

ప్లాన్ ఖరారైనా గీత గీసినంత మాత్రాన భూమి పోదు. తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం ఇవ్వాలి, లేదా మీ ఒప్పుదలతో టీడీఆర్ (పోయిన భూమికి బదులు వేరేచోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో ఇచ్చే హక్కు పత్రం) ఇవ్వాలి. 2024 మేలో కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, నోటీసు, అభ్యంతరం వినడం, న్యాయమైన పరిహారం ఇవన్నీ రాజ్యాంగం 300ఏ అధికరణంలోని ఆస్తి హక్కులో భాగమేనని చెప్పింది. టీడీఆర్ పత్రం మాత్రం తొందరపడి తీసుకోకండి. హైదరాబాద్‌లో దాన్ని కొనే బిల్డర్లు ఉంటారు, మనలాంటి పట్నంలో ఎవరు కొంటారు? ఇల్లు కట్టడానికి అనుమతి అడిగినప్పుడు మాత్రం రోడ్డు భాగం వదలమనే అంటారు, అది తెలుసుకుని ఉండండి.

జవాబు 1

ఎల్‌ఆర్‌ఎస్ గురించి రెండు ముక్కలు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారం సర్పంచికి లేదు, "పంచాయతీ లేఅవుట్" అన్న మాటే మోసానికి మొదలు. మీ ప్లాటు 2016లోనే రిజిస్టర్ అయింది కాబట్టి, 2020 డిసెంబర్ 29 నాటి ఉత్తర్వు ప్రకారం మళ్లీ అమ్మడానికి రిజిస్ట్రేషన్ ఆగదు. ఇల్లు కట్టడానికి అనుమతి కావాలంటే మాత్రం ఎల్‌ఆర్‌ఎస్ తప్పదు. అందులో పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్లకు భూమి విలువలో 14 శాతం అదనంగా ఉంటుంది. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు చాలామంది కట్టేశారు. మాస్టర్ ప్లాన్లో పారిశ్రామిక, వినోద, నీటివనరు జోన్‌లో చూపించిన ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ ఇవ్వరు, అందుకే రోడ్డు గీతే కాకుండా ప్లాటు మీద ఏ రంగు వేశారో కూడా చూడండి.

జవాబు 5

మాది నరసరావుపేట దగ్గర. ఆంధ్రలో కూడా ఇంతేనా సార్?

జవాబు 1

పన్ను లెక్క వేరండి. మీ దగ్గర 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు మూలధన విలువ మీద వేస్తున్నారు, ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు, మీ బిల్లు అంతకన్నా ఎగిరితే కొలతలు మార్చారేమో అడగండి. హక్కు, అనుమతి, పన్ను మూడూ వేరు అన్నది మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. 1998 అనుమతి కాగితం దొరికింది. అమ్మ పెళ్లి పట్టుచీర మడతలో, అప్పటి సర్పంచి సంతకం, గుండ్రటి ముద్రతో. కాగితం మడతల దగ్గర చిరిగిపోతుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి జిరాక్స్ తీయించాం. అసెస్‌మెంట్ కాపీలో చూస్తే సార్ అన్నట్టే కింది ఇంటికి కూడా జరిమానా కలిపేశారు. అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. కొలిపిస్తే ఎడమ వైపు మీటరు పైనే ఉంది, కుడి వైపు మెట్ల దగ్గర 70 సెంటీమీటర్లే ఉంది. మాస్టర్ ప్లాన్ గీత ప్లాటులో 38 గజాలు తింటోంది, మా వరుసలో పదకొండు మంది విడివిడిగా అభ్యంతరాలు ఇచ్చాం. అర్జీ తేలేదాకా జరిమానా ఆపి పన్ను మాత్రం కట్టొచ్చా?

జవాబు 1

వివాదం లేని పన్ను ఇప్పుడే కట్టేయండి, పై గదుల వరకు జరిమానా కూడా కట్టేయండి. కింది ఇంటికి వేసింది మాత్రం "అర్జీకి లోబడి" అని రాసి ఆపండి, ఆ రాత కాపీ మీద కూడా ముద్ర వేయించండి. తర్వాత వడ్డీ అడిగితే అదే మీకు ఆధారం. మెట్లకు ఆ 30 సెంటీమీటర్ల సంగతి ఇంజనీరు తమ్ముడు చెప్పాలి, లోపలికి తిప్పడానికి వీలుంటే అనుమతి అడిగేముందే తిప్పించండి. ఆఫీసు నుంచి జవాబు కాగితం వచ్చాక పేరు, అసెస్‌మెంట్ నంబరు కనపడకుండా ఇక్కడ పెట్టండి, మీలాంటి విలీన ఊళ్ల వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.